మొదటి వాయి

తాహితి దీవిలో ఆదివారం పొద్దున్న ఎక్కడ తినాలో తోచకపోతే తిహోనిని అడగాలి. ఇది చట్టమేమీ కాదు, తిహోని అలా అనుకునేవాడు, అంతే. కానీ ఒక మనిషి ఒక మాటను ఏళ్ల తరబడి గట్టిగా అనుకుంటూ ఉంటే, చుట్టుపక్కలవాళ్లు విసుగెత్తి ఒప్పేసుకుంటారు. పొడుగు రొట్టెను చెవి దగ్గర పెట్టుకుని విరిచి, ఆ చప్పుడును బట్టి అది ఏ బేకరీ పొయ్యిలోంచి వచ్చిందో చెప్పేవాడు. అతను గుమ్మంలో కనబడగానే బేకరీవాళ్లు లోపలికి కబురు పంపి వేడివి తెప్పించేవారు. అతను మెచ్చుకున్న బండి దగ్గర మరుసటి వారానికి క్యూ రోడ్డు దాటేది. అతను మొహం చిట్లించిన బండివాడు మరో ఊరికి తోసుకుపోయేవాడు, లేదా అక్కడే తిహోనిని తిట్టుకుంటూ ఈగలు తోలుకునేవాడు.

ఇంతా చేసి మనిషి వృత్తి ఏమిటయ్యా అంటే రేవులో పడవలకు రంగులు వేయడం. నాలుక సంగతి దేవుడిచ్చిన వరం అని తనే చెప్పుకునేవాడు. దేవుడు మాత్రం ఎక్కడా ఒప్పుకున్న దాఖలా లేదు.

ఈ నాలుకను ఇన్నేళ్లూ మేపింది అతని భార్య హెయిపువా. ఆదివారం తెల్లవారకముందే లేచి, రాత్రి పొంగబెట్టిన పిండి తీసి, ఎనిమిది అంకెలా మెలిపెట్టి నూనెలో వేసేది. కొబ్బరిపాలతో కలిపిన ఆ పిండి వేగే వాసనకే తిహోనికి మెలకువ వచ్చేది. వాటినే ఫిరిఫిరి అంటాం, అవి లేని ఆదివారం మా దీవిలో ఉండదు. ఉంటే ఆ ఇంట్లో ఎవరో పోయారనుకుంటాం. తిహోని మొహం కడుక్కుని వచ్చేసరికి బల్ల మీద పళ్లెం నిండా బంగారు రంగులో తేలిపోతూ ఉండేవి. హెయిపువా పొయ్యి దగ్గరే నిలబడి ఏదో నములుతూ ఉండేది. "చూశావా, వండినామె వాటా అప్పుడే లాగించేసింది!" అని అతను వేళాకోళం చేసేవాడు. ప్రతి ఆదివారం అదే వేళాకోళం. ఆమె ప్రతిసారీ నవ్వేది, నోరు నిండుగా ఉండటంతో బదులు చెప్పలేకపోయేది.

కొంప మునిగింది మే నెల కానుకల పండుగ రోజున. ఆ రోజు మా చర్చి వెనక వంటపాకలో ఆడవాళ్లందరూ వరుసగా పొయ్యిలు పెట్టి ఫిరిఫిరి వేయిస్తారు. మంచివి ఏరి బుట్టల్లో పెట్టి పాస్టరు గారికీ పెద్దలకీ పంపుతారు. మగవాళ్లు బయట బల్లల దగ్గర కూర్చుని భక్తితో ఎదురుచూడాలి. తిహోనికి అంత భక్తి ఎక్కడిది? నలుగురిని వెంటేసుకుని వంటపాకలోకి దూరాడు. ఒక పొయ్యి పక్కన చిన్న పళ్లెంలో రెండు మూడు కనబడితే ఒకటి అందుకుని కొరికాడు.

"అమ్మో! ఇది ఎవరు చేశారే తల్లుల్లారా?" అని దవడ పట్టుకున్నాడు. "దీనికో తాడు కట్టివ్వండి, మా పడవకి లంగరు లేదు!"

వెంట వచ్చిన మగవాళ్లు పడీపడీ నవ్వారు. ఆడవాళ్లు ఒక్కరూ నవ్వలేదు. తెలివైనవాడైతే అక్కడే ఆగి బయటికి నడిచేవాడు.

పక్కింటి మొయాటా చేతులు నడుముకి పెట్టుకుని అడిగింది. "సరే అన్నయ్యా, ఇంత నాలుకుంది కదా. మరి మా వదిన చేసినవి ఏవో చెప్పుకో చూద్దాం."

"అదో ప్రశ్నా? నన్ను సమాధిలో పడుకోబెట్టినా హెయిపువా చేతి ఫిరిఫిరిని గుర్తుపడతా." కళ్లు మూసుకుని ఒక్కో బుట్టలోంచి తుంచి నోట్లో వేసుకుంటూ పోయాడు. ఓ బుట్ట దగ్గర ఆగి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "ఇదీ! ఇదీ మా ఆవిడ చెయ్యి. ఎంత తేలిగ్గా ఉందో చూడండి, నోట్లో పెట్టుకుంటే మాయం!"

"అవి నావి," అంది మొయాటా.

తిహోని కళ్లు తెరిచాడు. ఆ చిన్న పళ్లెం ఉన్న పొయ్యి వెనక చిల్లుల గరిటె పట్టుకుని హెయిపువా నిలబడి ఉంది. ఆమె ముందు నూనె చిటపటలాడుతూనే ఉంది.

ఆమె గొడవ పడలేదు. గొడవ పడితే బాగుండేది, గొడవలో తిహోని గట్టివాడు. చేతులు తుడుచుకుంది, నూనె వంచింది, మూకుడు గుడ్డలో చుట్టి చంకన పెట్టుకుంది, తమ్ముడు విరియాము ట్రక్కు ఎక్కి వెళ్లిపోయింది. పాస్టరు గారు ఆశీర్వాదం చెప్పేటప్పటికి ఊరంతా ఒకరి చెవి ఒకరు కొరుక్కుంటున్నారు.

రెండు రోజుల తర్వాత విరియాము వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్క కబురు పంపింది బావా. మొత్తం చెప్పమంటావా, తిట్లు తీసేసి చెప్పమంటావా?"

"తిట్లు తీసేసి చెప్పు."

విరియాము కాసేపు ఆలోచించాడు. "అయితే చిన్నదే. ఇక నుంచి ప్రతి ఆదివారం దీవిలో ఎక్కడో ఒక చోట వేయించి అమ్మిస్తుందట. తను కనబడదట. ఏది తన చెయ్యో నువ్వు నాలుకతోనే కనిపెట్టాలట. కనిపెట్టిన రోజు మూకుడు పట్టుకుని ఇంటికొస్తుంది. అంతదాకా బేకరీ రొట్టె కొరుక్కుంటూ బతకమంది."

"ఎక్కడ వేయిస్తుందో నీకు తెలుసా?"

"తెలుసు."

"చెప్పరా మరి!"

"అమ్మ సమాధి మీద ఒట్టు పెట్టించుకుంది బావా. అయినా చెప్పేస్తే ఆదివారాలు నాకు టిఫిను ఎవరు పెట్టిస్తారు? ట్రక్కు నాది, తిండి నీది. తెల్లారకుండా వస్తా, రెడీగా ఉండు."

తిహోని మొదట్లో నవ్వుకున్నాడు. నాలుకతో కనిపెట్టడమా? చేపకి ఈత పరీక్షా? ఒక్క ఆదివారంలో తేల్చేస్తానని రేవులో అందరికీ చెప్పి వచ్చాడు.

కానీ ఆదివారం వచ్చేలోపే ఇల్లు అతన్ని కరవడం మొదలుపెట్టింది. రోడ్డు పక్క ఉత్తరాల డబ్బాకి తోడు రొట్టెల డబ్బా ప్రతి ఇంటికీ ఉన్నట్టే అతనికీ ఉంది. తెల్లవారుజామున బండివాడు అందులో రొట్టెలు పెట్టి పోతాడు. ఆ డబ్బా మూత ఎప్పుడో ఊడిపోయిందని తిహోనికి తెలియదు. వాన పడ్డ రోజున బండి చప్పుడు వినగానే హెయిపువా గొడుగు వేసుకుని పరిగెత్తేదనీ తెలియదు. ఇప్పుడు రొట్టె నాని, పిండిన గుడ్డలా చేతికొస్తే తెలిసింది. ఆ తడి రొట్టెను బల్ల మీద పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తిట్టడానికి కూడా ఇంట్లో ఎవరూ లేరు. ఆమె లేకపోతే తనకు బతకడం రాదని అతనికి ఆ పొద్దుటే అర్థమైంది. రేవులో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మొదటి ఆదివారం పపీతే సంతకు వెళ్లారు. తెల్లవారకముందే అక్కడ తిరునాళ్లు. ఒకపక్క కాల్చిన పంది, ఒకపక్క నిమ్మరసం పిండిన పచ్చి చేప, మధ్యలో చర్చి బట్టలు వేసుకుని చంకలో చేమదుంపలు పెట్టుకున్న జనం. తిహోని బండి బండికీ ఆగి తుంచి నమిలాడు. చివరికి ఓ మూల బల్ల దగ్గర ఆగిపోయాడు. కొబ్బరిపాలు సరిగ్గా ఉన్నాయి, మెలిక సరిగ్గా ఉంది.

"హెయిపువా!" అని అరిచాడు. "దొరికిపోయావే! బయటికి రా!"

బల్ల వెనక నుంచి గడ్డం ఉన్న ఓ భారీ మనిషి లేచాడు. చేపల వేటకు పోయేవాడిలా చేతుల నిండా పచ్చబొట్లు.

"నేనే చేశాను," అన్నాడు. "నన్ను చాలామంది చాలా పేర్లు పెట్టి పిలిచారు గానీ ఇది కొత్తగా ఉంది."

విరియాము అరటిపండు అడ్డం పడ్డట్టు దగ్గి, తర్వాత నవ్వి, తర్వాత మళ్లీ దగ్గాడు. మధ్యాహ్నానికల్లా ఆ మాట దీవి చుట్టూ తిరిగొచ్చింది. దీవికి ఉన్నది ఒకటే చుట్టు రోడ్డు కదా, మాట తప్పిపోవడానికి సందులుండవు.

తర్వాతి ఆదివారం పునావియాలో ముసలి ఆ-లున్ బేకరీకి వెళ్లారు. ఆమె బేకరీ ముందే హెయిపువా చుట్టాలావిడెవరో ఫిరిఫిరి అమ్ముతుందని విన్నాడు. ఇదే ఆ-లున్ ఒకప్పుడు తిహోని నాలుకకి భయపడి తన ఆవిరి బన్నుల్లో మాంసం రెట్టింపు చేసిన మనిషి. ఈసారి కుర్చీ కూడా వేయలేదు. నూడుల్స్ కూరిన రొట్టె కాగితంలో చుట్టి అందించింది.

"ఈ రొట్టె ఎప్పటిది చెప్పండి నాలుకగారూ?"

తిహోని చెవి దగ్గర పెట్టుకుని విరిచాడు. "ఇవాళ్టిది. రెండో పొయ్యి."

"నిన్నటిది," అంది ఆ-లున్. "పొద్దున్నే ఆవిరి చూపించాను. ఫిరిఫిరి పక్కావిడ దగ్గరుంది, తిని చూడండి. మీ ఆవిడది మాత్రం కాదు, ఈ అమ్మేవిడకి కూడా ఒక మొగుడున్నాడు, వాడు కూడా పనికిరాడు."

క్యూలో ఉన్నవాళ్లంతా నవ్వారు. వాళ్లలో తిహోని ఒకప్పుడు మొహం చిట్లించిన బండివాళ్లు ఇద్దరున్నారు. వాళ్లు అందరికంటే ఆలస్యంగా నవ్వు ఆపారు.

ఇక ఆ తర్వాత అతని పరువు దిగుడే దిగుడు. మహీనాలో శనివారం ప్రార్థన చేసుకునేవాళ్ల బల్ల దగ్గర ఫిరిఫిరి బాగుంది గానీ కాఫీ పాపమన్నారు. ఆకుల కషాయం తాగి సాయంత్రం దాకా తలనొప్పితో పడుకున్నాడు. పాపారాలో సముద్రం వైపు అమ్మేవాళ్లు కొండ వైపు వెళ్లమన్నారు, కొండ వైపు వాళ్లు సముద్రం వైపు పంపారు. అటూ ఇటూ రోడ్డు దాటి దాటి రెండుచోట్లా కడుపు నిండా తిన్నాడు. దీవిలో ప్రతివాడూ హెయిపువాకి చుట్టమే, కానివాడు ఈ పని కోసం చుట్టరికం కలుపుకున్నాడు. ఓ పెద్దావిడ పులియబెట్టిన చేప పెట్టి, నాలుక శుభ్రపడుతుందని నమ్మించి తినిపించింది. ఆ రోజు విరియాము కిటికీ అద్దాలన్నీ దించి ట్రక్కు నడిపాడు.

అన్నిటికంటే బాధేమిటంటే, ఏది తిన్నా అతనికి హెయిపువాదే అనిపిస్తోంది. లేకపోతే ఏదీ కాదనిపిస్తోంది. ఆమె చేసిన ఫిరిఫిరి రుచి గుర్తు చేసుకుందామని కళ్లు మూసుకుంటే, కొబ్బరిపాల కాఫీ గుర్తొచ్చేది, రేడియోలో పాటలు గుర్తొచ్చేవి, తన వేళాకోళాలు గుర్తొచ్చేవి. ఫిరిఫిరి మాత్రం గుర్తొచ్చేది కాదు. కాఫీలో ముంచి, వాగుతూ, మింగుతూ గడిపేశాడు ఇన్నేళ్లూ. ఊరందరి వంటకీ వంకలు పెట్టిన మనిషి తన ఇంటి వంట ఎలా ఉంటుందో ఎరగడు.

ఆ తర్వాతి ఆదివారం విరియాము హారన్ కొట్టినా తిహోని లేవలేదు. చాలాసేపు కొట్టి, లోపలికొచ్చి దుప్పటి లాగాడు.

"లే బావా, నాకు ఆకలేస్తోంది."

"వెళ్లి మీ అక్కకి చెప్పు. నాకు నాలుక లేదని చెప్పు. ఉన్నదంతా నోరే అని చెప్పు."

"అది అక్కకి కొత్త విషయమేం కాదు. లే. తౌతీరా ఒక్కటే మిగిలింది, చుట్టు రోడ్డు నుంచి చీలిన దారి కూడా అక్కడితో ఆఖరు. అది కూడా చూసేశాక ఏడుద్దువు గాని."

తౌతీరా చేరేసరికి పొద్దెక్కిపోయింది. చర్చి గంట మోగి జనమంతా లోపలికి పోయారు. రోడ్డు ఆగిపోయే చోట, చెట్ల కింద నీలం రంగు టార్పాలిన్ కట్టిన పాక. చెవిలో పువ్వు పెట్టుకున్న లావుపాటి ఆవిడ బల్ల తుడుచుకుంటోంది. ఆమె వెనక మరో టార్పాలిన్ తెరలా వేలాడుతోంది.

"అయిపోయాయి బాబూ," అంది తలెత్తకుండానే. "ఆదివారం ఈ టైముకి ఎవరైనా వస్తారా?"

తిహోనికి ఏడుపు ఒక్కటే తక్కువ. నిన్న మధ్యాహ్నం తిన్న తడి రొట్టె తప్ప కడుపులో ఏమీ లేదు. బల్ల చివర మూకుడు మూత మీద, బోర్లించిన గిన్నె కింద ఏవో కనబడ్డాయి.

"అవి ఉన్నాయి కదా?"

"అవి అమ్మేవి కావు. మొదటి వాయి. నూనె కాగిందో లేదో చూడ్డానికి వేసినవి. నూనె పీల్చి రాళ్లయిపోతాయి."

"అయితే కుక్కలకేగా, నాకు పెట్టు."

ఆవిడ అప్పుడు తలెత్తి చూసింది. "కుక్కలకెందుకు వేస్తాం నాయనా, ఆడవాళ్లం ఉండగా? వండినావిడ తింటుంది. మీ ఇంట్లో ఎవరు తింటారేంటి?"

తిహోని గిన్నె ఎత్తి ఒకటి తీసి కొరికాడు. కాఫీ లేదు, రేడియో లేదు, వాగడానికి మాటలు లేవు. పన్ను దిగలేదు. ఇంకాస్త గట్టిగా కొరికాడు. నూనె, ఆ వెనక కొబ్బరి, ఆ వెనక ఎక్కడో మాడిన చక్కెర. దవడ కలుక్కుమంది. అదే చోట, పండుగ రోజున నొప్పెట్టిన చోటే.

నమలడం ఆపేశాడు. పొయ్యి దగ్గర నిలబడి నోటి నిండా నములుతున్న హెయిపువా కళ్ల ముందు నిలబడింది. ప్రతి ఆదివారం. అతను బల్ల దగ్గరికి రాకముందే మొదటి వాయి ఆమె నోట్లో పడేది, రెండో వాయి అతని పళ్లెంలో పడేది. వండినామె వాటా అని అతను నవ్వేవాడు. ఆమె బదులు చెప్పకపోవడానికి నోరు నిండుగా ఉండటం ఒక్కటే కారణం కాదు, అది నమలడం అంత కష్టం.

"లంగరు," అన్నాడు తిహోని. మళ్లీ అన్నాడు, ఈసారి గట్టిగా, తెర వైపు తిరిగి. "ఇది నా పెళ్లాం లంగరు!"

తెర వెనక చిల్లుల గరిటె దేనికో తగిలిన చప్పుడైంది.

"రుచి చూసి చెప్పావా, ఊహించి చెప్పావా?" అని హెయిపువా గొంతు.

"పన్ను నొప్పెట్టి చెప్పాను. ఇన్నేళ్లూ పొయ్యి దగ్గర నిలబడి నువ్వు నమిలింది ఇదే. నేను చూడలేదు. ఎదురుగా కూర్చుని కూడా చూడలేదు."

ఆమె తెర తప్పించి బయటికొచ్చింది. బుగ్గ మీద పిండి, కళ్లు ఎర్రగా. పొయ్యి పొగ అని చెప్పడానికి సిద్ధంగా ఉన్నట్టుంది గానీ ఎవరూ అడగలేదు.

"లంగరన్నావని నాకు కోపం రాలేదు," అంది. "లంగరే అది, నాకు తెలీదా? నేను వారం వారం తినేది ఏంటో నా మొగుడికి తెలీదని నలుగురిలో తెలిసింది చూడు, అప్పుడు కడుపు మండింది."

"మండాల్సిందే," అన్నాడు తిహోని. అంత చిన్న వాక్యంతో అతను మాట ఆపడం విరియాము ఎప్పుడూ చూడలేదు.

హెయిపువా అలవాటు కొద్దీ మూత మీద చెయ్యి పెట్టి మిగిలిన వాటిలో ఒకటి తీసుకోబోయింది. తిహోని మూత లాక్కున్నాడు.

"ఇవి నావి."

"పళ్లూడతాయి నీకు. వదులు."

"ఊడనీ. నావి."

వాళ్లిద్దరూ మూకుడు మూత చెరోవైపు పట్టుకుని లాక్కుంటుంటే లావుపాటి ఆవిడ చర్చికి ఆలస్యమైందని ఎటో చూస్తూ వెళ్లిపోయింది. విరియాము గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, మరి ఆ ఆకులో కట్టింది, ఇవాళ్టిది కూడా నేనేనా తినేది?"

హెయిపువా తమ్ముణ్ని కాల్చేసేలా చూసింది. తిహోని ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"ఆకేంటి?"

"ప్రతి ఆదివారం రెండో వాయిలోంచి ఒకటి నీకని ఆకులో కట్టి దాచేది బావా, ఒకవేళ వస్తావేమోనని. నువ్వు రావు కదా, పారేయడం ఎందుకని సోమవారం నేను తినేవాణ్ని." విరియాము తల గోక్కున్నాడు. "అందుకే... నేను కూడా పెద్దగా తొందరపెట్టలేదు."

హెయిపువా లోపలికెళ్లి అరటాకు పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టింది. విప్పితే లోపల ఒకే ఒక్క ఫిరిఫిరి, బంగారు రంగులో, ఎనిమిది అంకె చెదరకుండా. తిహోని దాన్ని రెండు చేతులతో తీసి ఆమెకి అందించాడు.

"నువ్వు తిను."

"నేనా? ఇది..."

"నువ్వు. కూర్చుని తిను. నిలబడి కాదు."

ఆమె బెంచీ మీద కూర్చుంది. ముందు వేళ్లతో నొక్కి చూసింది, ఇంకెవరో చేసినదాన్ని చూస్తున్నట్టు. ఓ ముక్క కొరికింది. నెమ్మదిగా నమిలింది. ఇంకో ముక్క కొరికింది. ఆమె మొహంలో ఏదో కదిలింది, ముందు ఆశ్చర్యం, తర్వాత కొంచెం కోపం, ఇన్నాళ్లూ ఇలాంటివి బుట్టలకి బుట్టలు చేసి ఎవరెవరికో పెట్టేశానా అన్నట్టు. కళ్లు తుడుచుకోలేదు. పొయ్యి ఆరి, పొగ పోయి చాలాసేపయింది.

తిహోని ఆమె పక్కనే కూర్చుని తన రాయి తను కొరుక్కుంటున్నాడు.

సగం తిన్నాక హెయిపువా ఆగి అతని వైపు తిరిగింది.

"నిజం చెప్పు. మొయాటావి ఇంతకంటే బాగుంటాయా?"

తాహితి దీవి మొత్తానికీ ఎక్కడ ఏది బాగుంటుందో చెప్పిన మనిషి నోరు తెరిచాడు. తెరిచి, మూత మీద మిగిలిన ఆఖరి లంగరు తీసి నిండుగా కుక్కుకుని, తల వంచుకుని నమలడం మొదలుపెట్టాడు.